అప్పుల వైపు

దావీదురాజుకు లెక్కల పిచ్చి. పెళ్లి విందులో కూర్చున్నా, పెళ్లివాళ్లకు ఎంత ఖర్చయిందో, కట్నం ఎంత ముట్టిందో నోట్లోనే గొణుక్కుంటూ కూడేవాడు. నంద్యాల మిషన్ బడిలో చదివి, మహానంది దోవలో ఉండే నూనె మిల్లుకు అకౌంటెంటుగా వచ్చాడు. నేను అదే మిల్లులో కాటా దగ్గర ఉండేవాణ్ణి. మనిషి బంగారం. కానీ ఎదుటివాడికి అర్థమయ్యేదాకా వదిలిపెట్టడు, అదొక్కటే ఆయనతో తంటా.

మిల్లు వాటాలు చుట్టుపక్కల రైతులవి. వేరుశనగ పండించేదీ వాళ్లే, మిల్లుకు తోలేదీ వాళ్లే. ఏటా వాటాదారుల సమావేశంలో ఇంగ్లీషులో అచ్చేసిన బ్యాలెన్సు షీటు పంచేవాళ్లు. రైతులు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, భోంచేసి పోయేవాళ్లు. దావీదురాజుకు ఇది నచ్చలేదు. మిల్లు ఆరోగ్యం ఎట్లా ఉందో సొంతదారులకే తెలియకపోతే ఎందుకూ అని, యాభై ఏడులో తానే తెలుగులోకి మార్చి అచ్చు వేయించాడు. ఎడమవైపు అప్పులు, కుడివైపు ఆస్తులు. అప్పుల కింద మొట్టమొదటి వరుస వాటాదారుల మూలధనం.

నిజానికి ఆ ఏడు మిల్లు నిక్షేపంగా ఉంది. బ్యాంకు బాకీ దాదాపు తీరిపోయింది, కొత్త యంత్రం దిగింది. ఇంత చక్కటి షీటు మళ్లీ రాస్తానో లేదో అని ఆయన నాకు చూపించి మురిసిపోయాడు.

ఆ ఏటి సమావేశంలో, విస్తళ్లలో అన్నం వడ్డిస్తుండగా గొడవ లేచింది. ఆత్మకూరు వైపు రైతు లక్ష్మన్న ఆ కాగితం పైకెత్తి, మనం పెట్టిన దుడ్లన్నీ అప్పుల్లో రాసేసినారని గట్టిగా చదివాడు. దావీదురాజు బల్లెక్కి ఏదో చెప్పబోయాడు, వినేదెవరు? సగం మంది విస్తళ్ల ముందు నుంచి లేచిపోయారు. వడ్డించిన అన్నం వదిలి మనుషులు అట్లా పోవడం నేనెన్నడూ చూడలేదు.

కార్తీకం వచ్చినా కాటా దగ్గరికి ఒక్క బండి రాలేదు. నేను ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. కాయలు రాకుంటే యంత్రం ఆగుతుంది, యంత్రం ఆగితే మా అందరి పొయ్యిలూ ఆరిపోతాయి. నువ్వు పెట్టిన చిచ్చు నువ్వే ఆర్పు, లేకుంటే మిల్లు మూయాల్సిందే అని మేనేజరు దావీదురాజుతో తేల్చేశాడు. అందరికంటే ఎక్కువ వాటాలు గురమ్మవి. భర్త పోయాక సేద్యమంతా ఆమే నడిపిస్తోంది. ఆమె బండ్లు కదిలితే తక్కిన ఊళ్లూ కదులుతాయని, దావీదురాజు నన్ను తోడు పిలుచుకుని ఆమె ఇంటికి పోయాడు.

ఇంటి ముందు కాయలు నింపిన బండ్లు వరసగా ఉన్నాయి. గురమ్మ మజ్జిగ ఇప్పించి, అంతా ఓపిగ్గా విన్నది. మిల్లు ఎక్కడా మునిగిపోలేదని, ఆ వరుసలో రాసింది వాటాదారులకు మిల్లు ఇవ్వాల్సిన సొమ్మని, అది భద్రంగా ఉందని ఆయన వేలు పెట్టి చూపించాడు. ఆమె ముఖం తేటపడింది. హమ్మయ్య అనుకున్నాను. అంతలో ఆమె కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"అట్లయితే మిల్లే నాకు అప్పుండాదా?"

"అవునమ్మా, మీకే."

"ఇన్నేండ్లూ మిల్లు నాదనుకుంటి గదప్పా. నాదే అయితే నాకెట్ల అప్పుంటాది?"

కంపెనీ వేరు, వాటాదారు వేరు అన్న చట్టం దావీదురాజుకు కంఠతా వచ్చు. దాన్ని ఇట్లా ఒక మనిషి ముఖం మీద చెప్పాల్సి వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకున్నట్టు లేదు. ఏదో ఒక అబద్ధమాడి గట్టెక్కించవయ్యా అని నేను లోపల్లోపల మొత్తుకుంటున్నాను. ఆ విద్య ఆయనకు రాదు.

"చట్టం ప్రకారం మిల్లు వేరే మనిషి కిందనే లెక్కమ్మా" అన్నాడు.

గురమ్మ కాగితం మడిచి ఆయన చేతిలో పెట్టింది.

"మా ఇంటాయనా నేనూ అది మా కడుపున పుట్టిందే అనుకుంటిమి" అంది. "బాకీ ఉన్నోళ్లింటికి వసూలుకు పోతారు గానీ, పంట తోలిపెడతారా దావీదూ?"

జీతగాడు శివన్నను పిలిచి, బండ్లు నంద్యాల మండీకి కట్టమంది. మేం దోవ పక్కకు తప్పుకుని నిలబడ్డాం. ఒక్క బండి కూడా మిల్లు వైపు తిరగలేదు.