మంత్రిగారికి అమ్మ చెయ్యి

మనవరాలు బొమ్మలేసుకుంటూ ఇండియన్ ఇంకు సీసా మూత తీసింది. ఆ వాసనకి నేను రేపల్లెలో మా వంటింటి గడప దగ్గరికి వెళ్ళిపోయాను.

మన ఈడువాళ్ళకి గుర్తుందా, అరవైల్లో పేపరు రాగానే ముందు కార్టూను చూసేవాళ్ళం? మా ఇంటికొచ్చే పేపర్లో అవి గీసేది మా నాన్నే. పొద్దున రైలుబండికి బొమ్మ తెనాలి మీదుగా పత్రికాఫీసుకి వెళ్ళాలి. బండి టైమవుతుంటే ఇంకు మరకల చేతుల్తో అట్ట, పెన్సిలు పట్టుకుని వంటింట్లోకి వచ్చేవారు.

"ఏమేవ్, ఆ చెయ్యి అలాగే ఉంచు!"

"ఏంటండీ ఇది, పప్పు మాడిపోతోంది!" అంటూ అమ్మ గరిటె ఎత్తి కసిరేది. నాన్నకి కావలసింది అదే; ఆ ఎత్తిన చెయ్యి గబగబా గీసేసుకునేవారు.

ఒకసారి పేపర్లో మంత్రిగారి కార్టూను చూసి అమ్మ గుర్తుపట్టేసింది. గరిటె బదులు మైకు, అంతే తేడా.

"ఈ మంత్రిగారికి నా చెయ్యి పెట్టారేంటండీ?"

"మంత్రుల కోపం నేనెక్కడ చూశానే? నాకు తెలిసిన కోపం నీదొక్కటే."

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఉన్న ఒక్క ఫోటోలోనూ చేతులు కొంగు చాటున ఉన్నాయి. ఇవాళ నాన్న పాత పెట్టె తీశాను. పండుబారిన కాగితం మీద మంత్రిగారు ఇంకా జనాన్ని కసురుతూనే ఉన్నారు. ఆ చేతిమీద నా చెయ్యి ఆనించి కాసేపు కూర్చున్నాను.