వెచ్చని పార్కింగులో తుప్పు

మా అపార్టుమెంటు కింది పార్కింగుకు హీటింగ్ ఉంది. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఈ ముక్క చెప్పేటప్పుడు ఎవరి గొంతులోనైనా కాస్త గర్వం దానంతటదే వస్తుంది. నేనైతే ఆ పార్కింగు కోసమే ఈ ఇంట్లో చేరాను. లిఫ్టు దిగితే బండి, బండెక్కితే రోడ్డు. వీల్‌చెయిర్లో ఉన్న మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? బయట మైనస్ ముప్పైలో జనం కారు అద్దాలు గీక్కుంటూ ఉంటే నేను పలచటి శాలువా కప్పుకుని బయల్దేరేదాన్ని. నా అంత తెలివైనది ఈ ఊళ్లో లేదనుకున్నాను.

ముందు నా బండి సంగతి చెప్పాలి. అది మామూలు వ్యానే. కంపెనీ అమ్మిన తర్వాత వేరే షాపువాళ్లు దాని నేల కోసి, కిందికి దించి, పక్క తలుపు కింద ఒక ర్యాంపు అమర్చారు. బటన్ నొక్కితే తలుపు పక్కకు జరుగుతుంది, నేల అడుగునుంచి ర్యాంపు బయటికొస్తుంది, నేను కుర్చీతో సహా లోపలికి పోయి స్టీరింగ్ ముందు ఆగుతాను. బ్రేకూ యాక్సిలరేటరూ రెండూ చేతితోనే. చిన్నప్పుడు పోలియో వచ్చిన దగ్గర్నుంచి నా కాళ్లు సెలవులో ఉన్నాయి. యాభై దాటాక చంకకర్రలు మోయలేమని భుజాలు కూడా చెప్పేశాయి. పెళ్లి చేసుకోలేదు. ఆఫీసు పని ఇంట్లోంచే. కాబట్టి ఎవర్నీ బతిమాలకుండా నేను గడప దాటుతున్నానంటే అది ఆ ర్యాంపు పుణ్యం. అది ఆగితే నేనూ ఆగిపోతాను.

రెండు శీతాకాలాలు గడిచాక ఆ ర్యాంపు మూలగడం మొదలుపెట్టింది. సగం బయటికొచ్చి, రావాలా వద్దా అన్నట్టు నిలబడేది. మన ఇళ్లలో తలుపు కిర్రుమంటే ఏం చేస్తామో నేనూ అదే చేశాను. ఇండియన్ షాపులో ఆముదం సీసా కొని, వంగి చెయ్యి అందినంత మేరా పోశాను. కొబ్బరినూనె ఇక్కడ రాయిలా గడ్డకడుతుంది గానీ ఆముదానికి ఆ బాధ లేదని నా ధీమా. రెండు రోజులు నోరు మూసుకుంది. తర్వాత ఇంకా గట్టిగా ఏడ్చింది.

ర్యాంపులు బాగుచేసే షాపుకు తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ బండిని పైకెత్తి, కిందికి దూరి, చాలాసేపు మాట్లాడలేదు. ఎక్స్‌రే చూస్తూ డాక్టరు మాట్లాడకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు. చివరికి వేలికి అంటిన నల్లటి జిగురు చూపించి ఇదేమిటన్నాడు. ఆముదమని ఇంగ్లీషులో చెప్పాను. అది మనుషులు తాగేది కదా అన్నాడు. మేం అన్నిటికీ వాడతాం అన్నాను. రోడ్ల మీద చల్లిన ఇసుకా ఉప్పూ ఆ జిగటకు పట్టుకుని ముద్దకట్టాయట. అదంతా కడిగేస్తే పోతుందట. అసలు గొడవ వేరే ఉంది. నేల కోసి అతికిన చోటల్లా, ర్యాంపు చట్రం పొడుగునా తుప్పు.

"బండి ఎక్కడ పెడతావు?" అని అడిగాడు.

"హీటెడ్ అండర్‌గ్రౌండ్" అన్నాను తల ఎగరేసి.

ఆయన ముఖం చిట్లించాడు. అప్పుడు చెప్పాడు. బండి అడుగున అంటిన ఉప్పు బయట చలికి గడ్డకట్టుకుని ఉన్నంతసేపూ పెద్దగా ఏమీ చెయ్యదు. వెచ్చటి చోటికి రాగానే కరిగి, తడిసి, ఇనుమును తినడం మొదలుపెడుతుంది. నేను ప్రతి సాయంత్రం దాన్ని తీసుకొచ్చి సరిగ్గా అలాంటి చోటే పెడుతున్నాను. కంపెనీవాళ్లు వేసే పూత కంపెనీ భాగాలకే ఉంటుంది. తర్వాత కోసిన అంచులకీ, పెట్టిన అతుకులకీ ఆ కాపుదల ఉండదు. పైనుంచి పెట్టించుకున్నదానికి మనమే దిక్కు. తుప్పు ఇంకా పైపైనే ఉందనీ, ఈ ఏడు ఆపకపోతే చట్రం పోతుందనీ, చట్రం పోతే ఈ బండికి మళ్లీ ర్యాంపు నిలవదనీ అన్నాడు.

వేడి దేశంలో పుట్టినదాన్ని. చలి ఒక్కటే శత్రువనీ, వెచ్చగా ఉంచితే ఏదైనా బతుకుతుందనీ నా నమ్మకం. అంత ప్రేమగా వెచ్చటి చోట పెట్టి నేనే దాన్ని తుప్పుకు మేపాను. ఇంటికొస్తూ దారంతా నన్ను నేను తిట్టుకున్నాను, ఆయన్ని తిట్టాను, కెనడాని తిట్టాను. తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు.

ఆయన తుప్పు గీకి, అడుగంతా నూనె స్ప్రే కొట్టి పంపించాడు. ఏటా చలి మొదలయ్యే ముందు అలా కొట్టించుకోవాలి. ర్యాంపు జారే పట్టాల్లో మాత్రం జిడ్డు పనికిరాదు, అంటుకోని పొడి స్ప్రేనే వాడాలి. వీలైనప్పుడల్లా అడుగు కడిగించాలి. అన్నిటికన్నా ముఖ్యం, బండిని బయట చలిలో వదిలెయ్యాలి. ఆ మాట ఆయన తేలిగ్గా అనేశాడు. బండి బయట ఉంటే దాని దాకా వెళ్లేదెవరు? మోకాలి లోతు మంచులో వీల్‌చెయిర్ చక్రం ఒక్క అంగుళం కదలదు. వెచ్చగా పెడితే బండి పోతుంది, చలిలో పెడితే నేను పోలేను. ఇదెక్కడి పీడరా దేవుడా అనుకున్నాను.

మా బిల్డింగు వెనక తలుపు పక్కనే ఆరుబయట ఒక స్టాల్, అంటే ఒక బండి పెట్టుకునే చోటు, ఉంది. తలుపు ముందు మంచు బిల్డింగువాళ్లే తీస్తారు, తలుపు దాటి చక్రాలు నాలుగు తిప్పులు తిప్పితే దాని దగ్గరికి చేరొచ్చు. ఇంజన్ చలికి బిగుసుకోకుండా వేడిచేసుకోవడానికి కరెంటు ప్లగ్గు కూడా ఉంది. అది రెండో అంతస్తులో ఉండే తెలుగామెది. తెలంగాణ మనిషి, నాకన్నా పదిహేనేళ్లు చిన్నది, వృద్ధాశ్రమంలో పని చేస్తుంది, ఒక్కతే ఉంటుంది. లిఫ్టులో కనిపిస్తే నవ్వేది. నేను సగం నవ్వి ఊరుకునేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అందులోనూ నవ్వు తర్వాత "పాపం" అనే మాట వస్తుందేమోనని ముందే కాచుకుని ఉంటాను. ఆమె నోటి నుంచి ఆ మాట ఎప్పుడూ రాలేదు. వెళ్లి అడిగాను, నీ స్టాల్ నాకిచ్చి నాది నువ్వు తీసుకుంటావా అని.

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. "హీటెడ్ జాగ ఇచ్చి బయటిది అడుగుతున్నవా? పానం బాగనే ఉన్నదా అక్కా?"

తుప్పు కథంతా చెప్పాను. రేపు మోసం చేశానన్న మాట రాకూడదు కదా. "నీ కారూ తుప్పు పడుతుంది మరి, ఆలోచించుకో" అన్నాను.

"పడితే పడనియ్. పొద్దుగాల అయిదింటికి అద్దాలు గోకుడు తప్పితే చాలు నాకు. సచ్చినంక కారేమన్న నా వెంబడి వస్తదా?"

అలా మార్చుకున్నాం. ఆ శీతాకాలమంతా నాకు బండి సేవే సరిపోయింది. వంగి కింద చూసుకోలేను కాబట్టి సెల్ఫీ స్టిక్కుకు ఫోను తగిలించి, వ్యాను అడుగుకు తోసి వీడియో తీసేదాన్ని. రాత్రి భోజనం చేస్తూ ఆ వీడియో చూడటం. ఈ మచ్చ పోయినవారం ఉందా, కొత్తదా? జనం సీరియళ్లు చూస్తారు, నేను చట్రం చూసేదాన్ని. చలి కాస్త తగ్గిన రోజు చూసుకుని కార్ వాష్‌కు వెళ్లి అడుగునుంచి నీళ్లు కొట్టించేదాన్ని. అయ్యాక అక్కడే పక్కన ఆపి ర్యాంపును బయటికీ లోపలికీ ఆడించాలి, లేకపోతే మిగిలిన తడి గడ్డకట్టి పట్టేస్తుంది. కార్ వాష్‌లో డబ్బు తీసుకునే అబ్బాయి "హౌ ఆర్ యూ" అనేవాడు. జవాబు చెప్పేలోపల గేటు లేచేది.

ఓ పొద్దున చూస్తే నా వ్యాను చుట్టూ మంచు తోడేసి ఉంది. ర్యాంపు దిగే చోట నున్నగా చీపురుతో ఊడ్చినట్టు ఉంది. ఆమె పనే. నాకు మండింది. "నిన్నెవరు చెయ్యమన్నారు?" అని ఫోన్ చేసి మరీ అడిగాను.

"రెండేండ్లు ఆ జాగల మంచు తోడింది నేనే కద అక్కా. చేతులు ఊకుంట లెవ్వు" అంది.

మర్నాడూ తోడింది. ఈసారి నేను ఫోన్ చెయ్యలేదు.

ఆమె మాత్రం తన డొక్కు కారులో ఊరంతా తిరిగేది. గుడి, చెరువు ఒడ్డు, ఊరి బయట బర్రెల్లాంటి అడవి దున్నలుండే పార్కు. వెళ్లిన చోటినుంచల్లా ఫోటో పంపేది. ఒక్కదాంట్లోనూ ఆమె ఉండేది కాదు, ఖాళీ దారో, గట్టో, బెంచీయో. ఈ దరిద్రపు ఫోటోలు నాకెందుకు, నీకు కాళ్లున్నాయి తిరుగుతున్నావు, అనుకుని చూసీ చూడనట్టు వదిలేసేదాన్ని. "పోదాం పా అక్కా" అని శనివారాలు తలుపు కొట్టేది. నిన్ననే ఉప్పు చల్లారు, నిన్ననే కడిగించాను, అని చెప్పేదాన్ని. మొదట్లో అది నిజమే. తర్వాత్తర్వాత ఆ మాట నాకు సుఖంగా ఉండేది. ఇక్కడ మనవాళ్ల ఇళ్లన్నిటికీ గుమ్మం ముందు మెట్లే. ఎవరింటికి వెళ్లినా నలుగురు మగవాళ్లు నా కుర్చీ ఎత్తాలి, వెనక ఆడవాళ్లు "జాగ్రత్త, జాగ్రత్త" అని కేకలెయ్యాలి, పిల్లలు సెల్‌ఫోన్లలోంచి తలెత్తి చూడాలి. ఒకసారి అయింది, చాలు.

ఫిబ్రవరిలో ఒకనాడు ఆమె పప్పు గిన్నెతో వచ్చి కూర్చుంది. "గీ వారం ఏడేడ తిరిగినవ్ అక్కా?"

"కార్ వాష్‌కి వెళ్లాను."

"అది గాదు. ఏడికి పోయినవ్?"

నేను పప్పు గిన్నె మూత తీసి చూశాను. ఆమెకు నవ్వొచ్చింది. "అంటే కడగనీకి తీస్తున్నవ్. కడిగి తెచ్చి పెడుతున్నవ్. మల్ల కడగనీకి తీస్తున్నవ్."

నాకు నవ్వు రాలేదు. మెట్లెక్కే కాళ్లున్నదానికి నా సంగతేం తెలుసని అరిచాను. ఆమె గిన్నె అక్కడే వదిలి లేచి వెళ్లింది. తలుపు మూసుకున్నాక చాలాసేపు ఏడ్చాను. ఆమె అన్నది అబద్ధమైతే ఏడుపు వచ్చేది కాదు. ఎవర్నీ అడక్కుండా బయటికి వెళ్లడానికని కంటికి రెప్పలా కాచిన బండి ఆ చలికాలమంతా ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. నాకు మనుషుల కోసం ప్రాణం కొట్టుకుపోతోంది. ఆ మాట నాకు నేను చెప్పుకోవడం అదే మొదటిసారి.

మర్నాడు కూడా మంచు తోడేసే ఉంది.

మార్చిలో ఆమె వచ్చి చెప్పింది, వాంకూవర్ పక్కన సర్రీలో పని దొరికిందనీ, అక్కడ పిన్ని కూతురు ఉందనీ, ఆదివారం వెళ్లిపోతున్నాననీ. ఇల్లు ఖాళీ చేసే హడావిడిలో ఉంది. తలుపు దగ్గరే నిలబడి, "ఒక్కసారి నీ బండ్ల తిప్పు అక్కా. ఊకె కూసుంట" అంది.

కిటికీలోంచి చూశాను. మంచు కరిగే కాలం. రోడ్డంతా ఉప్పు కలిసిన గోధుమరంగు బురద. ఏడాదిలో ఇంతకన్నా చెడ్డ రోజులుండవు. ఇవాళ వద్దులే అనబోయాను. ఆదివారం దాటితే ఆమె ఉండదు. తాళం తీసుకున్నాను.

ఆమె దారి చెబుతుంటే నేను నడిపాను. ముందు పోయే లారీలు బురద చిమ్ముతుంటే అది వ్యాను అడుగున దభదభ కొట్టుకుంటోంది. ప్రతి దెబ్బకూ నా భుజాలు బిగుసుకుంటున్నాయి.

"ఏందక్కా, నిన్ను కొట్టినట్టే గుంజుకుంటున్నవ్?"

"నన్నే కొడుతోంది" అన్నాను. ఇద్దరం నవ్వాం.

ఊరి బయట ఒక చెరువు దగ్గర ఆపించింది. ఇంకా గడ్డకట్టే ఉంది. నేను దిగడానికి జంకుతుంటే, "దిగు అక్కా, ఏం గాదు. చివర్దాంక సిమెంటు బాటనే. ఒక్క మెట్టు లేదు" అంది.

"నీకెలా తెలుసు?"

"మొన్న నవంబర్ల వచ్చి చూసిపోయిన గద. ఫోటో పంపలే? అన్ని ఫోటోలు పంపిన, నువ్వు చూడనే లేదా? మెట్లు లేని జాగలే పంపిన అక్కా."

ర్యాంపు చప్పుడు లేకుండా దిగింది. నేను కుర్చీని మెల్లగా బాట మీదికి దించాను. గుడికి పక్క దారి, పార్కులో చదును బాట, చెరువు గట్టు. ఆ ఫోటోలన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. అన్ని వారాలు ఆమె చలిలో ఒక్కతే తిరిగి, నా చక్రాల కోసం నేల చూసి వచ్చింది. నేను ఆ ఫోటోలను చూసీ చూడనట్టు వదిలేస్తూ వచ్చాను. బాట చివరిదాకా వెళ్లాం. ఫ్లాస్కులో టీ తాగాం. ఆమె ఏవేవో కబుర్లు చెప్పింది, నేను సరిగా వినలేదు, ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాను.

ఆదివారం ఆ డొక్కు కారు పర్వతాలు దాటి వెళ్లిపోయింది. చేరానని మెసేజ్ పెట్టింది. కింద హీటెడ్ స్టాల్‌లోకి కొత్తవాళ్లెవరో వచ్చారు. వెనక తలుపు పక్క మంచు ఎవరూ తోడకుండానే కరుగుతోంది.

వ్యాను ఒంటినిండా ఆ రోజు బురద ఎండి తెల్లగా ఉప్పు పేరుకుంది. ఆమె ఎక్కిన పక్క తలుపు మీద ఆమె చేతి అచ్చు పడి ఉంది. ఆ వారం కార్ వాష్‌కు వెళ్లలేదు. రోజూ కిటికీలోంచి చూసేదాన్ని. పగళ్లు వెచ్చబడుతున్నాయి, ఉప్పు కరుగుతోంది, అడుగున తన పని తాను చేసుకుంటోందని తెలుసు. తెలిసీ ఇంకో వారం వదిలేశాను. ఆ పైన నా వల్ల కాలేదు. చట్రం పోతే నేను ఈ గదిలోనే ఉండిపోవాలి.

వెళ్లి అడుగూ పైనా అంతా కడిగించాను. అద్దాల మీదుగా గోధుమరంగు నీళ్లు జారి కిందికి పోతుంటే, స్టీరింగ్ ముందు కూర్చుని ఆ కాసేపూ గట్టిగా ఏడ్చాను. అక్కడ చప్పుడులో ఎవరికీ వినపడదు.