రేసు డ్రైవరుకి డ్రైవింగ్ పాఠాలు

మగవాళ్లకి డ్రైవింగ్ నేర్పడమంటే, మీకన్నీ వచ్చు అని ఒప్పుకుంటూనే ఏమీ రాదని చూపించడం. ఈ పరాయి దేశంలో, న్యూ లిన్ అనే పేటలో, ఏళ్ల తరబడి నా పని ఇదే. హైదరాబాద్‌లో పదేళ్లు నడిపామని మీసం మెలేసే మనవాళ్లు, ఇక్కడ రౌండబౌట్ దగ్గర ఎవరికి దారివ్వాలో తెలియక హారన్ మీద చెయ్యేసి కూర్చుంటారు. పక్క సీట్లో ఆడమనిషి ఉండటమూ, ఆమె కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉండటమూ వాళ్లకి గిట్టదు.

అలాంటి నాకు ఒక ఫ్రెంచి పెద్దాయన ఫోన్ చేశాడు. ఎనభై నిండబోతున్నాయి. ఈ దేశంలో డెబ్బై అయిదు దాటాక లైసెన్స్ కొనసాగాలంటే డాక్టర్ సంతకం పెట్టాలి. ఈయన డాక్టర్ అనుమానపడి, రోడ్డు మీద పరీక్ష పాసై రమ్మన్నాడట. "నాకు పాఠాలు అక్కర్లేదు. మీ పరీక్షలో ఏమేం చూస్తారో చెబితే చాలు," అన్నాడు. అచ్చం మనవాళ్ల మాటే, యాస ఒక్కటే వేరు.

మొదటి రోజే తన చరిత్ర విప్పాడు. ఇరవై ఏళ్లు ఇరవై నాలుగు గంటల రేసుల్లో కారు నడిపాడట. ఒక కారు, ముగ్గురు డ్రైవర్లు, వంతులవారీగా. గెలిచారా అని అడిగాను. లేదట, ఒకసారి మూడో స్థానం వచ్చిందట. "కానీ నా వంతులో కారుకి ఒక్క గీత పడలేదు. ఎలా తీసుకున్నానో అలాగే తర్వాతివాడికి అప్పగించాను," అన్నాడు. రోజంతా గుండ్రంగా తిరిగి, బయల్దేరిన చోటికే చేరి, అదీ మూడోవాడిగా! దీన్ని పట్టుకుని గొప్పలు చెప్పుకోవడానికి ఎంత గుండె ధైర్యం కావాలి! ఈ మాట ఆయన ముఖం మీదే అన్నాను. నవ్వాడు. ఆ నవ్వుకి నాకు ఇంకా ఒళ్లు మండింది.

ఇంట్లో మా ఆయనకి చెప్పడం నా బుద్ధి తక్కువ. ఫోన్‌లో కార్ల రేసులు చూసి, తానూ సగం రేసర్ననుకునే మనిషి.

"గా అంకుల్ ఎవరనుకుంటున్నవ్? గంటకు మూడు వందల మీద వోయినోడు! ఒక్క సెల్ఫీ అడుగుత, నన్ను గూడ తీస్కపో."

"ముందుగాల నువ్వు సూపర్‌మార్కెట్ల గీతల నడుమ కారు పెట్టుడు నేర్చుకో," అన్నాను. మూతి ముడుచుకుని, పెట్టిన చాయ్ కూడా ముట్టుకోలేదు.

స్టీరింగ్ మీద పెద్దాయన చెయ్యి గొప్పదే, కాదంటే అబద్ధం. గేరు మారినట్టే తెలిసేది కాదు. కానీ స్టాప్ బోర్డు దగ్గర కారు ఆగేది కాదు, మెల్లగా జారుకుంటూ దాటిపోయేది. లేన్ మారేటప్పుడు తల తిప్పి భుజం మీదుగా చూడమంటే చూడడు. హెల్మెట్‌తో తల తిరగదు కాబట్టి ఇరవై ఏళ్లూ అద్దాలనే నమ్ముకున్నాడట. హెల్మెట్ పోయి ఎన్నేళ్లయినా మెడ మాత్రం అలాగే బిగుసుకుపోయి ఉంది. "ఇక్కడెవరూ మీ టైము కొలవడం లేదు, ఆపండి!" అని నేను అరిచేదాన్ని. "ఆగడానికా కారు చేసింది?" అని ఆయన. లైసెన్స్ గడువు చూస్తే ఇంకా రెండు వారాలే.

ఇంత పంతం ఎందుకో మూడో పాఠంలో తెలిసింది. భార్యకి పక్షవాతం వచ్చి, ఊరి రెండో చివర మనురేవాలో, ముసలివాళ్లని చూసుకునే రెస్ట్ హోమ్‌లో ఉంది. రోజూ పదకొండున్నరకి కారేసుకుని వెళ్లి, మధ్యాహ్నం భోజనం ఈయనే తినిపిస్తాడు. "నేను వెళ్లకపోతే ఆమె తినదు," అన్నాడు. రైలుంది కదా అన్నాను. న్యూ లిన్‌లో ఎక్కి, సిటీలో మారితే మనురేవాలోనే దిగొచ్చు. ఆయనకది తిట్టులా వినిపించింది. "నేను డ్రైవర్ని," అన్నాడు. పెళ్లాం ఆకలి కన్నా మగాడి బిరుదే పెద్దదన్నమాట అనుకున్నాను.

పరీక్షకి రెండు రోజుల ముందు, ఉదయం, పక్కపేట హెండర్సన్‌లో ఒక చిన్న వీధిలో వెళుతున్నాం. మూలనున్న డైరీలోంచి, ఇక్కడ చిల్లర కొట్టుని అలాగే అంటారు, ఒకామె పాల సీసా, బ్రెడ్డు పట్టుకుని జీబ్రా గీతల మీదికి వచ్చింది. నేను చూశాను. ఆయనా చూశాడనే అనుకున్నాను. కారు వేగం తగ్గలేదు. నా బ్రేకు మీద రెండు కాళ్లూ వేసి తొక్కాను. బానెట్‌కి మూరెడు దూరంలో ఆమె కొయ్యబారి నిలబడింది, తర్వాత మమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టి వెళ్లిపోయింది. నేనూ తిట్టడానికి నోరు తెరిచాను. ఈలోగానే ఆయన సిగ్నల్ వేశాడు.

కారు పక్కకి తీసి ఆపాడు. దిగి, ముందు నుంచి నడిచొచ్చి, నా వైపు తలుపు తీశాడు. "మీరు అటు కూర్చోండి," అన్నాడు. నేను డ్రైవర్ సీట్లో కూర్చోగానే వంగి, బెల్టు లాగి క్లిప్పు పెట్టి, గట్టిగా ఉందో లేదో గుంజి చూశాడు. ఇంకొకడైతే చెయ్యి విరిచేదాన్ని.

"మా రేసుల్లో దిగినవాడే ఎక్కేవాడికి బెల్టు కడతాడు," అన్నాడు. "ఆమె నాకు కనబడలేదు. కనబడనివాడు దిగిపోవాలి. అదీ మా పద్ధతే."

ఇక పరీక్ష లేదని ఇద్దరికీ తెలిసింది. పదకొండు కావస్తోంది. మనురేవా దారి పట్టాను. మోటర్‌వే పొడుగునా ఆయన తన వైపు అద్దంలోకే చూస్తూ కూర్చున్నాడు. నాకు జాలి వేసింది. వేసినందుకు నా మీద నాకే చిరాకు వేసింది.

ఆమె గది కిటికీ కార్లు ఆపే చోటుకి ఎదురుగా ఉంది. ఆయన డ్రైవర్ వైపు కాకుండా ఎడమ తలుపు తీసుకుని దిగడం అక్కడి నుంచే చూసింది. మేము లోపలికి వెళ్లేసరికి ఏడుస్తోంది. ఆయన వంగి ఫ్రెంచిలో క్షమాపణలాంటిదేదో చెప్పబోయాడు. ఆమె పనిచేసే చేత్తో ఆయన నోరు మూసి, నా వైపు తిరిగి, ఇంగ్లీషులో మాటలు కూడదీసుకుంటూ చెప్పింది.

"ఇరవై ఏళ్లు ట్రాక్ పక్కన నిలబడి ఈయన చుట్లు లెక్క రాశాను. ప్రతి చుట్టుకీ కారు కనబడేదాకా ఊపిరి ఆడేది కాదు. ఇప్పుడు రోజూ ఈ కిటికీలోంచి అదే పని."

ఈయన్ని నేను వెయ్యి మాటలన్నాను. ఆమె ఎలా ఎదురుచూస్తోందో అడగాలని మాత్రం ఒక్కసారీ తట్టలేదు.

"రేపటి నుంచి రైల్లో వస్తాను," అన్నాడాయన, నేల చూస్తూ. "ఒక్కోరోజు ఆలస్యం కావచ్చు."

"కానివ్వండి," అందామె. "రైలు ఆలస్యమైతే నాకు కోపమొస్తుంది, అంతే."