పసుపు పూసి శాసనాన్ని దాచిన బాగయ్య సార్

మాకు సోషల్ చెప్పిన బాగయ్య సార్ పరమపదించారన్న దుర్వార్త వాట్సాప్ గ్రూపులో చూసి నిశ్చేష్టుడనయ్యాను. దాని కిందే మిత్రుడొకడు బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టాడు. ఆ క్షణాన వచ్చిన కోపం ఇంకా దిగలేదు. పాపం, వాడి మీద కాదు.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల పొగ కింద వారం వారం అంగడి సాగే ఊరు మాది. ఆ అంగడి పురాతనత్వానికి ఒకే సాక్షి, మూలన సగం మట్టిలో కూరుకుపోయిన శిలాశాసనం. జనం దాని మీద కొడవళ్లు నూరేవారు. ఆ ప్రాచీన లిపి చదవగలిగిన మహనీయుడు మా ఊళ్లో ఆయనొక్కరే.

మా తరగతిని అంగడికే తోలుకెళ్లి పాఠం చెప్పేవారు. “రాజుల పేర్లు మరిచినా ఏం గాదు. గీడ ఉల్లిగడ్డలు అమ్మినోళ్లను యాది పెట్టుకోండ్రి. ఊరిని నిలబెట్టింది వాళ్లే.” పరీక్షలో మాత్రం రాజుల పేర్లే వచ్చాయి.

ఈ స్థలాన్ని సంతకు విడిచినట్టు శాసనం పై వరుసల్లో ఉందని సార్ తేల్చారు. మిగతాది తవ్వి చదివేలోపే రోడ్డు పనికి జేసీబీ దిగింది. ఆయన విన్నపాలు విన్న ఆఫీసు లేదు. అందుకని సార్ పసుపు కలిపి రాయికి పూసి, కుంకుమ బొట్లు పెట్టారు. డ్రైవర్ దిగి చెప్పులు విప్పాడు.

“ఏంది సార్ గిది? నిన్న బండ, ఇయ్యాల దేవతనా?” అన్నాడు కాంట్రాక్టర్.

“నిన్న నీకు కనవడలే,” అన్నారు సార్.

చట్టానికి వంగని రోడ్డు పసుపుకు వంగింది.

అయితే బోనాలకు భక్తులు ఆ దేవతకు పెయింట్ కొట్టారు. ఎర్రగా, దళసరిగా, రెండు పూతలు. అక్షరాలన్నీ పూడిపోయాయి. “రాయిని బతికించిన గని, దాని నోరు నేనే మూసిన రా,” అని సార్ కుమిలిపోయేవారు.

ఇప్పుడు అక్కడ షాపింగ్ కాంప్లెక్స్ కడతారట. అంగడిని ఊరవతల మురుగు పారే నాలా పక్కకు నెడతారట. పాతదనానికి రుజువేదని అడుగుతున్నారు. రుజువు పెయింట్ కింద ఉంది. గీకనివ్వమని బతిమాలితే, ఊరికి అరిష్టమని భక్తులు సార్‌నే గద్దించారు. ఆ బెంగతోనే ఆయన పోయారు.

సంతాప సభలో కాంప్లెక్స్ కోసం తిరిగే నాయకుడే గద్గద స్వరంతో, “సార్ గొప్ప అమ్మవారి భక్తులు,” అన్నాడు. సార్ గుడి మెట్టెక్కగా ఎవరూ చూడలేదు.

లక్డారం నుంచి కూరగాయలు తెచ్చే ఎల్లమ్మ లేచింది. “దండలు సాలు గని, ఆయన అడిగింది ఇయ్యండ్రి. రంగు తీద్దాం.”

“తల్లి అలుగుతదే ఎల్లమ్మా,” అన్నాడు నాయకుడు.

“మమ్ముల నాలా పక్కకు తోలుతాంటే అలగని తల్లి, రంగు పోతే అలుగుతదా పటేలా?”

నాయకుడికి హఠాత్తుగా ఫోన్ వచ్చింది.

మర్నాడు అంగడి ఆడవాళ్లంతా కూర్చుని గీకారు. నేను థిన్నర్ డబ్బా మోసుకెళ్లాను. చుట్టూ మట్టి తవ్వితే అడుగు వరుసలు కూడా చెక్కుచెదరకుండా బయటపడ్డాయి.

“సార్ శిష్యునివి గదా, సదువు కొడుకా,” అంది ఎల్లమ్మ.

అందరూ నా వైపు తిరిగారు. ఇంత ఊళ్లో, ఇన్నేళ్లలో, ఆ లిపి నేర్పమని సార్‌ను అడిగినవాడు ఒక్కడూ లేడు. నేను చేతులు జోడించాను. అది భక్తి అనుకుని వాళ్లూ జోడించారు.