స్విచ్ వేసేముందు ఒక కేక

మా పక్కింటి మావయ్య ఈ నెల మొదట్లో కన్నుమూశారు. నేను మా బియ్యం మిల్లులో ఉండగా అవనిగడ్డ ఆసుపత్రి నుంచి అత్తయ్యే ఫోన్ చేసింది. "మీ మావయ్య వెళ్లిపోయారే అమ్మాయ్" అని, ఆ ఏడుపులోనే "మిల్లు ఆపి రా, చూసుకుని ఆపు" అంది. అంత దుఃఖంలోనూ జాగ్రత్త చెప్పడం ఆ ఇంటికే చెల్లింది.

మావయ్య ఉద్యోగమంతా ఎగువన ఒక నగరంలో, నది ఒడ్డున ఉన్న పాత జలవిద్యుత్ కేంద్రంలో. తెల్లదొరల కాలంలో కట్టిన రాతి భవనం. రిటైరయ్యాక ఒకసారి మమ్మల్ని తీసుకెళ్లి చూపించారు. నేను నోరు తెరుచుకుని మెషీన్లు చూస్తుంటే, "అవెక్కడికీ పోవులే" అని వెనక వరండాలోకి లాక్కెళ్లారు. కింద నదిలో బట్టలుతికేవాళ్లు, ఈతలు కొట్టే పిల్లలు.

"మెషీన్ తిప్పితే ఇక్కడ నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయమ్మా. సైరన్ ఉంది. కానీ పుట్టినప్పటి నుంచీ వింటున్నారు కదా, వాళ్లకది వినపడదు. అందుకే ఇక్కడ నిలబడి పేరుపెట్టి కేకేసేవాణ్ణి. అందరూ ఒడ్డెక్కి చెయ్యి ఊపాకే మెషీన్ దగ్గరికి వెళ్లేది."

ఆలస్యమవుతోందని పైవాళ్లు విసుక్కునేవారట. "కరెంటు కాస్త ఆగుతుందండీ, నీళ్లు ఆగవు" అనేవారట ఈయన. తన డ్యూటీలో ఆ రేవున ఒక్క మనిషీ కొట్టుకుపోలేదని చెప్పేటప్పుడు మావయ్య గర్వం దాచుకునేవారు కాదు. దాచుకోవలసిన గర్వమూ కాదది.

సొంతూరు వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. చేలో మోటారు వేసినా కేకే, వంటింట్లో మిక్సీ వేసినా కేకే. "ఉన్నది ఇద్దరం, రుబ్బేది కొబ్బరి పచ్చడి. ఎవరు కొట్టుకుపోతారండీ?" అని అత్తయ్య వేళాకోళం చేసేది.

రోజూ కాఫీ తాగి మా మిల్లుకొచ్చి, గుమ్మం పక్క కుర్చీలో పేపరు చదివేవారు. వచ్చిన మొదట్లోనే నాకు షరతు పెట్టారు: స్విచ్ వేసేముందు కేకెయ్యాలి, లోపలున్న ప్రతి మనిషీ పలకాలి. అందరూ పలికాక చివర్న ఆయన "వెయ్యమ్మా" అనేవారు.

కిందటేడు కోతలప్పుడు బస్తాలు పేరుకుపోయి రైతులు తొందరపెడుతున్నారు. "వేస్తున్నా!" అన్నాను. లోపలి నుంచి "వెయ్యండి, వెయ్యండి" అన్నారు. మావయ్య పేపరు దించారు. "ఆగు. రత్తమ్మ పలకలేదు."

రత్తమ్మ పెద్ద బెల్టు కింద దూరి తౌడు ఊడుస్తోంది. చీర కొంగు చక్రం మీద పడి ఉంది. అది చూసి గబుక్కున స్విచ్ మీంచి చెయ్యి తీసేశాను. ఆయన మాత్రం ఆమె బయటికొచ్చేదాకా చూసి, "వెయ్యమ్మా" అని పేపరెత్తారు. ఆ ఒక్క 'ఆగు'కి నేను ఆయనకి జన్మంతా రుణపడి ఉంటాను.

పెద్దకర్మ అయ్యాక నిన్న మిల్లు తెరిచాం. కుర్చీ ఎవరూ జరపలేదు. "వేస్తున్నా!" అన్నాను. ఒక్కొక్కరే పలికారు. అందరూ అయ్యారు. అయినా నా చెయ్యి కదల్లేదు.

రత్తమ్మ చీపురు పక్కనపెట్టి బయటికొచ్చింది. ఆ కుర్చీ పక్కన నిలబడి, మిల్లంతా ఒకసారి కలయజూసి, "వెయ్యండమ్మా" అంది.