గిజిగాడి పాఠం విని గది చూపించినవాడు

అరవైల చివర్లో నాన్న ఉద్యోగం కోసం మేం కర్నూలు నుంచి వచ్చి తార్నాకలో అద్దెకున్నాం. నేను యూనివర్సిటీలో జువాలజీ ఎమ్మెస్సీ చదివేదాన్ని.

ఒకరోజు లెక్చరర్ గారు గిజిగాడి గురించి చెప్పారు. మగపక్షి గూడు సగం అల్లి, దానికి వేలాడుతూ రెక్కలు కొట్టి పిలుస్తుందట. ఆడపక్షి వచ్చి చూసి, నచ్చితే ఉంటుంది, లేదంటే వెళ్లిపోతుంది. పిల్లల భారం ఎక్కువగా ఆడదానిదే కనుక ఎంపిక కూడా ఆడదానిదే అన్నారు. మగపిల్లలంతా నవ్వారు, ఒక్కడు తప్ప.

అతను జనగామ వైపు రైతుల అబ్బాయి. అడిక్‌మెట్‌లో గది తీసుకుని ఉండేవాడు. మర్నాడు ల్యాబ్ బయట నన్నాపాడు.

"నా రూం జర చూస్తరా? నచ్చకుంటె ఇంకోటి ఎతుకుత."

ఇంట్లో చెప్తే అమ్మ నోరు తెరిచింది. మా జేజి, అంటే నాన్నవాళ్లమ్మ, "చూస్తే ఏం పోతుందిలే, నేనూ వస్తా పా" అని చెప్పులేసుకుంది.

అతను గదికి సున్నం కొట్టి, గుమ్మానికి కాగితం పూలు కట్టి, చేతులూపుతూ నిలబడ్డాడు. జేజి గోడ తడిమింది.

"చెమ్మ. బిడ్డకు జలుబు చేస్తుంది."

"ఏ బిడ్డకు జేజీ?" అన్నాను.

"పుట్టేవాళ్లకు."

నేను తలెత్తలేదు. అతను మాత్రం బుద్ధిగా తలూపి, వారం తిరక్కుండా సీతాఫల్‌మండికి మారాడు. అక్కడికెళ్లి మేం కూర్చోగానే పక్కనుంచి రైలు వెళ్లింది, గిన్నెలన్నీ గలగలలాడాయి. "దొంగొచ్చినా వినపడదు" అని జేజి లేచింది.

మూడోది తార్నాకలోనే, మా పక్క వీధిలో. అతనే కాఫీ పెట్టిచ్చాడు. జేజి తాగి, "కాఫీ నీళ్లమాదిరుంది. ఇల్లు బాగుంది" అంది.

అంతా కుదిరిందనుకుంటుండగా లెక్చరర్ గారు పాఠం ముగించారు. ఆడపక్షి గుడ్లు పెట్టగానే మగది ఇంకో ఆడపక్షి కోసం ఇంకో గూడు మొదలుపెడుతుందట. వెనక్కి తిరిగి చూశాను. అతను చెమట తుడుచుకుంటున్నాడు.

బయటికొచ్చాక అడిగాను. "రెండో గూడు ఎక్కడ?"

"ఒక్కటి దొరికేటాలకే నా పానం వోయింది. ఇంకోటి నాతోని కాదు."

నమ్మాను. పరీక్షలయ్యాక పెళ్లి మాటలకు వాళ్లమ్మ వచ్చింది. మా ఇంట్లో రాగిసంగటి చూసి "ఇదేంది?" అని అనుమానంగా అడిగింది. తిన్నాక ఇంకో ముద్ద వేయించుకుంది. ముహూర్తం ఆ సాయంత్రమే పెట్టారు.