అర శ్రుతి కింద

ప్రతి ఏడాదీ డిసెంబరులో నేనొక జాబితా రాసుకునేవాణ్ణి. ఆ ఏడు విన్న గ్రామఫోను ప్లేట్లలో, కచేరీల్లో నాకు బాగా నచ్చినవి వరసగా, మార్కులతో సహా. ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివేవాడికి మార్కులంటే ఎంత భయమో, మార్కులు వేయడమంటే అంత సరదా. పెద్ద పెద్ద విద్వాంసులకు కూడా వందకు అరవై రెండు వేసి, ఆలాపన మరీ సాగదీశాడని పక్కన రాసిన ఘనుణ్ణి. నాకు సంగీతం రాదు. నేను పాడితే హాస్టల్లో స్నేహితులు లేచి కిటికీలు మూసేవాళ్లు. అయినా తార్నాక నుంచి అంబర్‌పేట దాకా నా అంత రసికుడు లేడని నా నమ్మకం.

అరవైల చివర్లో రాసిన ఒక జాబితా మాత్రం ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది.

ఆ రోజుల్లో యూనివర్సిటీ సగం అడవిలా ఉండేది. సాయంత్రం రాతి కాలేజీ మెట్ల మీద కూర్చుంటే ఎండ మెల్లగా దిగిపోయేది, రాతిలో వెచ్చదనం మాత్రం చాలాసేపు వీపుకు తగులుతూ ఉండేది. ఎక్కడినుంచో పాట వచ్చేది. హాస్టలు రేడియోనో, ఏ చెట్టు కిందో కూర్చున్నవాడి గొంతో తెలిసేది కాదు. గాలి అటు తిరిగితే పల్లవి వినిపించేది, ఇటు తిరిగితే లాలాగూడ వైపు నుంచి ఇంజను కూత. సగం పాట విని, మిగతా సగం నేనే అల్లుకుంటూ తార్నాక దాకా నడిచేవాణ్ణి. ఆ ఏడు నేను విన్న సంగీతంలో నిజంగా విన్నదెంతో, కల్పించుకున్నదెంతో ఇప్పుడు చెప్పలేను.

హాస్టల్లో సీటు దొరక్క తార్నాకలో ఒక ఇంటి ముందర్గదిలో అద్దెకుండేవాణ్ణి. ఇంటాయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో లేతు మిషను మీద పని చేసేవాడు. ఇనుమైనా ఇత్తడైనా ఆ మిషనుకు బిగించి వెంట్రుక మందం చెక్కు తీయగలడని పేరు. మా ఊరూ వాళ్ల ఊరూ జనగామ దిక్కు పక్కపక్కనే అని తేలాక చుట్టరికం కలుపుకోవడానికి రెండు నిమిషాలు పట్టలేదు. ఆయన అన్న అయ్యాడు, ఆయన భార్య వదిన అయింది. అన్న రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ లోటు వదిన తీర్చేది.

వదిన పుట్టిల్లు ముషీరాబాదు. చిన్నప్పుడు వాళ్ల గల్లీలో ఒక టీచరమ్మ దగ్గర ఆరేళ్లు సంగీతం నేర్చుకుంది. పెళ్లయ్యాక మానేసింది. తర్వాత టైఫాయిడు వచ్చి తగ్గింది గానీ గొంతులో పై స్థాయి పోయిందట. ఆ సంగతి నాతో చెప్పినప్పుడు, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది. నేనూ అంత మామూలుగానే విన్నాను.

వాళ్లింట్లో ఒక రికార్డు ప్లేయరు ఉండేది. లాలాగూడ క్వార్టర్లలో ఉండే ఒక గార్డు దేశం విడిచిపోతూ అమ్మితే అన్న కొన్నాడు. ఏడెనిమిది చిన్న ప్లేట్లు, ఒక్కటే పెద్ద ప్లేటు. ఆ పెద్ద ప్లేటు మద్రాసు గాయని ఒకావిడది. కవరు మీద ఆవిడ మల్లెపూలు పెట్టుకుని, మనవైపు కాక తంబుర వైపు చూస్తూ ఉంటుంది. ఆ ఏడు మొదట్లోనే నా జాబితాలో మొదటి స్థానం దానికి ఖాయమైపోయింది.

అన్న డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, చాయ్ తాగి ఆ ప్లేటు పెట్టేవాడు. అప్పటికి పొద్దుగూకేది. వీధిలో అందరూ ఒక్కసారే లైట్లు వేసేవాళ్లు, దాంతో కరెంటు నీరసపడిపోయేది. మా ఇంట్లో బల్బు వెలుగుతోందో లేదో చూడాలంటే దీపం పెట్టుకోవాలి. ఆ ఎర్రటి గుడ్డి వెలుతురులో ఆవిడ పాట మొదలయ్యేది. గొంతు కాస్త బరువుగా, తొందర లేకుండా, నిద్రలోంచి అప్పుడే లేచినట్టు ఉండేది. వరండాలో గోకరకాయ తుంచుకుంటూ వదిన కూడా గొంతు కలిపేది. రెండో పాట చరణంలో ఒకచోట స్వరం పైకి వెళ్లి అక్కడే నిలబడుతుంది. ఆ చోటు వచ్చేసరికి వదిన చేతులు ఆగిపోయేవి. కళ్లు మూసుకుని ఆవిడతోపాటు ఎక్కి, ఆవిడతోపాటు నిలబడేది. నేను గోడకు ఆనుకుని, ఎక్కడున్నానో మర్చిపోయి వినేవాణ్ణి. ఒక్కోసారి రెండు గొంతుల్లో ఏది ఎవరిదో తెలిసేది కాదు.

ఆదివారం పొద్దున అదే ప్లేటు పెడితే మాత్రం ఆ చోట వదిన గొంతు చీలేది.

"పొద్దుగాల రాదు తమ్మీ. పొద్దుమీకినంక నా గొంతు విచ్చుకుంటది" అనేది నవ్వుతూ.

వోల్టేజీ తగ్గితే మోటారు నెమ్మదిస్తుందని, ప్లేటు నెమ్మదిస్తే శ్రుతి దిగుతుందని బోర్డు మీద లెక్క కట్టి చూపించగలిగినవాణ్ణి నేను. ఆ వరండాలో కూర్చున్నంతసేపు ఆ ముక్క నా బుర్రకు తట్టనే లేదు.

వానలు తగ్గాక మా వీధి మూల కొత్త ట్రాన్స్‌ఫార్మరు పెట్టారు. ఆ సాయంత్రం బల్బులు తెల్లగా వెలిగాయి. జనం బయటికొచ్చి ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని మురిసిపోయారు. అన్న ప్లేటు పెట్టాడు. పాట చురుగ్గా పరుగెత్తింది. చరణంలో ఆ చోటికి వచ్చేసరికి వదిన గొంతు చీలిపోయింది. మర్నాడూ అంతే. మూడో రోజు అన్న మూత తీయబోతే వదిన వద్దంది.

"అయిపాయె. నా గొంతు గింతే ఇగ" అంది.

అంతకుముందు పొద్దుగాల రాదని నవ్వుతూ చెప్పిన మనిషి, ఈసారి నవ్వలేదు. లోపలికి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. అన్న ప్లేయరు ముందు గొంతుక్కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

ఆ ఆదివారం ఆయన ప్లేయరు విప్పాడు. ఏంటన్నా అంటే నూనె పోస్తున్నానన్నాడు. సోమవారం పొద్దున టిఫిను డబ్బా సంచిలో ఏదో చిన్నది కాగితంలో చుట్టి పెట్టుకుని పోయాడు. సాయంత్రం వచ్చి మళ్లీ అంతా బిగించి, వదినను పిలిచాడు.

"నూనె లేక బిర్రయింది. ఇప్పుడు ఇను."

పాట మొదలైంది. అదే బరువు, అదే తీరిక. వదిన మొదట వింటూ ఊరుకుంది. తర్వాత పెదవులు కదిలాయి. చరణంలో ఆ చోటికి ఎక్కింది, నిలబడింది, దిగాక కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత రెండు నెలలు ఆ ఇంట్లో నేను గడిపిన సాయంత్రాల్లాంటివి నా జీవితంలో మళ్లీ రాలేదు. తెల్లటి వెలుతురులో కూడా పాట పాత ఎర్ర వెలుతురులోనే నడుస్తున్నట్టు ఉండేది. పొద్దున పెట్టినా వదిన పాడేది.

డిసెంబరు వచ్చింది. జాబితా పని మొదలుపెట్టాను. ఆ ఏడు నాకు కొత్త పిచ్చి పట్టింది. ప్రతి పాట ఎన్ని నిమిషాలో కూడా రాయాలని. పెద్ద ప్లేటు కవరు మీద నిమిషాలు అచ్చేసి ఉన్నాయి. నా గడియారంతో చూస్తే ప్రతి పాటా ఎక్కువసేపు వస్తోంది. ప్లేటు మధ్య చిన్న కాగితం ముక్క అంటించి, నిమిషానికి ఎన్ని చుట్లో లెక్కపెట్టాను. ముప్ఫై మూడూ చిల్లర రావాలి. ముప్ఫై ఒకటిన్నర కూడా రాలేదు. చిన్న ప్లేటు వేసి చూస్తే సరిగ్గా నలభై ఐదు. అంటే కరెంటు తప్పు కాదు. పెద్ద ప్లేటు వేగం ఒక్కటే తగ్గింది!

పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చినంత సంబరంతో వంటింటి గుమ్మం దాకా పరుగెత్తాను.

"వదినా, దొరికింది! మన పెద్ద ప్లేటు మెల్లగ తిరుగుతున్నది. ఆమె అసలు శ్రుతి గిది కాదు, దీనికన్న అర శ్రుతి పైన పాడుతది. మనం ఇంటున్నదంతా కిందికి దిగిన గొంతు..."

అప్పుడు వదిన ముఖం చూశాను. నోరు జారడమంటే ఏంటో ఆ క్షణం తెలిసింది. కానీ జారిపోయింది.

"అట్లనా" అంది వదిన. గిన్నె పొయ్యి మీంచి దించింది. "మీ అన్నకు ఎరుకేనా?"

సాయంత్రం అన్న రాగానే ఆవిడ ఆ ఒక్క మాటే అడిగింది. అన్న నావైపు చూశాడు. నాలుగు తిట్టినా బాగుండేది. వదిన ప్లేయరు మూత వేసి, దాని మీద ఉతికిన దుప్పటి ఒకటి మడిచి పెట్టింది. మళ్లీ తీయలేదు.

అన్నం తిన్నాక నల్లా దగ్గర చేతులు కడుక్కుంటూ అన్న నాతో అన్నాడు.

"లోపట మోటారుకు ఇత్తడి పుల్లీ ఉంటది. మెట్లు మెట్లుగ, ఒక్కో తీరు ప్లేటుకు ఒక్కో మెట్టు. అండ్ల పెద్ద ప్లేటు మెట్టును లేతుకు బిగిచ్చి జర్రంత అరగదీసిన. సన్నగైతే ప్లేటు మెల్లగ తిరుగుతది."

"ఎందుకన్నా?"

"ఆమె కిందికి దిగుతదా? ఈమె మీదికి ఎక్కుతదా? నడుమ నా చేతుల ఉన్నది ఆ పుల్లీ ఒక్కటే." తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. "నువ్వు లెక్క మంచిగనే చేసినవ్ తమ్మీ."

ఆయన కోపంగా అనలేదు. అందుకే ఆ మాట నాకు ఈనాటికీ గుచ్చుకుంటుంది.

ఆ ఇంట్లో పాట ఆగిపోయింది. వదిన మాటలు కూడా తగ్గాయి. కొత్త పుల్లీ చేసిపెడతా, అసలు వేగంతో తిరుగుతుందని అన్న అడిగితే, వద్దంది. నేను జాబితా పక్కన పడేశాను. యూనివర్సిటీ నుంచి ఆలస్యంగా వచ్చి, గదిలో లైటు వేయకుండా కూర్చునేవాణ్ణి.

అప్పుడు తెలిసింది, డిసెంబరు ఆఖర్లో ఆ గాయనే మా యూనివర్సిటీలో పాడబోతోందని. మూడు పాసులు సంపాదించి వదిన ముందు పెట్టాను. చేసిన పాపం కడుక్కోవాలని నా ఆశ.

"ఆమె ఎంత పైకి పాడుతదో ఇన్నీకి నన్ను తీస్కపోతవా?" అంది వదిన. కచేరీ సాయంత్రం అన్న మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇంటి మెట్ల మీద ఊరికే కూర్చున్నాడు. రమ్మనలేదు. లేవలేదు. అరగంటకు వదిన చీర మార్చుకుని వచ్చింది.

రాతి కాలేజీ ముందు లాన్‌లో షామియానా వేశారు. చలిగాలికి దాని అంచులు మెల్లగా ఊగుతున్నాయి. గాయని వచ్చి కూర్చుంది. కవరు మీద మనిషి కాదు. తల నెరిసింది, కళ్లద్దాలు వచ్చాయి. ఫొటో తీసి ఎన్నేళ్లయిందో మేమెప్పుడూ అనుకోలేదు. వయొలిన్ ఆయన తీగలు సవరిస్తుంటే ఆవిడ చేత్తో ఇంకా కిందికి అన్నట్టు చూపించింది. మా వెనక కూర్చున్న పెద్దమనిషి పక్కాయనతో, "శ్రుతి దించేసిందండీ. వయసు మీద పడింది, గొంతు అయిపోయింది" అన్నాడు.

తంబుర మొదలైంది. వదిన నిటారుగా కూర్చుంది. రెండు మీటుల్లోనే వదిన చెయ్యి అన్న మోచేతి మీద పడింది.

"మనింటి శ్రుతే" అంది గుసగుసగా. "అర శ్రుతి కింద. మన ప్లేటు శ్రుతే ఇది!"

అన్న వేదిక వైపు చూస్తూ, చాలా సీరియస్‌గా అన్నాడు.

"ఆమె పుల్లీ గూడ ఎవలో అరగదీసిన్రు."

వదిన పకపకా నవ్వింది. మూడు వరసలవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. వదినకు నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా భుజాలు కదులుతూనే ఉన్నాయి. నాకైతే ఏడుపొచ్చింది.

ప్లేటులోని ఆ రెండో పాట వచ్చింది. అదే బరువు, అదే తీరిక. నెల రోజులుగా మా ఇంట్లో దుప్పటి కింద పడి ఉన్న గొంతు, ఎదురుగా కూర్చుని పాడుతోంది. చరణంలో ఆ చోటికి ఆవిడ మెల్లగా ఎక్కింది. నా పక్కన వదిన కూడా ఎక్కింది. చిన్నగానే, కానీ గొంతు విప్పి. వెనక పెద్దమనిషి ఉష్ అన్నాడు. వదిన ఆగలేదు, ఆ స్వరం మీద గాయని నిలబడినంతసేపూ నిలబడింది.

కచేరీ అయ్యాక మంచులో తార్నాకకు నడిచి వచ్చాం. తోవంతా వదిన పాడుతూనే ఉంది. అన్న రెండడుగులు ముందు, చేతులు వెనక్కి కట్టుకుని, వింటున్నట్టు కనపడకుండా నడిచాడు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే పాట వినపడి మెలకువ వచ్చింది. కలేమో అనుకున్నాను. తలుపు తీసి చూస్తే ప్లేయరు మీద దుప్పటి అలాగే ఉంది. వంటింట్లో వదిన ఒక్కతే పాడుకుంటోంది, తనకు అందిన శ్రుతిలో. చెయ్యి అలవాటుగా గడియారం వైపు వెళ్లింది. దాన్ని తీసి దిండు కింద పెట్టి, నోటుబుక్కు తెరిచి ఆ ఏడు జాబితా రాశాను. మద్రాసు గాయని ప్లేటుకు రెండో స్థానం. ఆవిడ కచేరీకి కూడా రెండోదే. మొదటి స్థానంలో ఇలా రాశాను:

గానం: వదిన. వాద్య సహకారం: అన్న, లేతు మిషను మీద.